ఓటు అటు, ఊరు ఇటు: సున్నం రాజయ్య గారి గురించి మేము తెలుసుకున్నది



పోస్టు కొంచెం పెద్దది. టైం ఉన్నప్పుడు పూర్తిగా చదవండి.

2025 ఆగస్టు 3కి సున్నం రాజయ్య గారు చనిపోయి ఐదేళ్ళు అయింది. ఆ రోజు మన వైపు వాళ్ళు చాలామంది ఆయన ఫొటో స్టేటస్ పెట్టారు. మేమూ పెట్టాం. ఆ స్టేటస్ దగ్గరే మా రూంలో వాదన మొదలైంది.

మా హాస్టల్ రూంలో ఆరుగురం ఉంటాం. నలుగురం వి.ఆర్.పురం, కూనవరం, చింతూరు మండలాల వాళ్ళం. ఇద్దరు ఘాట్ కింద రంపచోడవరం వైపు వాళ్ళు. కోయ వాళ్ళం ఉన్నాం, కొండరెడ్డి వాళ్ళం ఉన్నాం. ఆరుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. రంపచోడవరం తమ్ముడు ఒకడు ఆ స్టేటస్ చూసి సూటిగా అడిగాడు. "బస్సులో తిరిగాడు, ఆటోలో అసెంబ్లీకి పోయాడు అని అందరూ రాస్తారు. మంచిదే. కానీ ఆయన బస్సులో తిరిగితే మనకేం వచ్చింది? ఏం చేశాడో చెప్పండి."

మాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. 2014లో మాకు తొమ్మిదేళ్ళు. ఆయన పేరు విన్నాం, ఫొటో చూశాం, అంతే. అందుకని ఇంటికి ఫోన్లు చేసి పెద్దోళ్ళని అడిగాం, లైబ్రరీలో పాత పేపర్లు, చరిత్ర పుస్తకాలు చూశాం. మేము ఏ పార్టీ వాళ్ళమూ కాదు, ఇది పార్టీ పోస్టూ కాదు. మన నేల చరిత్రలో ఒక ముక్క అనుకుని చదవండి.

ముందు మన నేల సంగతి

రాజయ్య గారి గురించి చెప్పాలంటే ముందు ఒక విషయం అర్థం కావాలి. మన ప్రాంతాన్ని ఎవరో ఒకరు ఎప్పుడూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తూనే ఉన్నారు. మనం ఉన్నచోటే ఉన్నాం, మన మీద ఉన్న ఆఫీసు మారుతూ వచ్చింది.

1874లో బ్రిటిష్ వాళ్ళు భద్రాచలం, రేకపల్లి తాలూకాలని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. రేకపల్లి అంటే ఎక్కడో కాదు, మన వి.ఆర్.పురం మండలంలో ఇప్పుడున్న ఊరే. కాగితం మీద అది చిన్న మార్పు. కానీ పాత పాలనలో పోడుకి గొడ్డలి లెక్కన తక్కువ పన్ను ఉండేది. కొత్త పాలనలో ఆ పన్ను బాగా పెంచారు, కొన్ని చోట్ల పోడే కొట్టొద్దన్నారు. 1879లో రంపలో ఫితూరీ లేస్తే అది రేకపల్లి దాకా పాకడానికి ఇది ఒక ముఖ్య కారణం. రంప ఫితూరీ గురించి మనం చదివింది తక్కువ. అందులో మన ఊరి పేరు ఉందని మాకు డిగ్రీ రెండో సంవత్సరం దాకా తెలీదు.

1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి జిల్లా నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. పాలనకి వీలుగా ఉంటుందని అన్నారు. ఈ మార్పు మన తాతలకి కొంత మేలే చేసింది. భద్రాచలం దగ్గర. ఐటీడీఏ అక్కడ, పెద్దాసుపత్రి అక్కడ, సంత సరుకు అక్కడ. పొద్దున్న బస్సెక్కితే పని చూసుకుని సాయంత్రానికి గూడెం చేరొచ్చు. 55 ఏళ్ళు మన వాళ్ళ కాళ్ళు ఆ దారికి అలవాటు పడ్డాయి.

ఈ 55 ఏళ్ళలోనే రాజయ్య గారు ఎమ్మెల్యే అయ్యారు.

ఆయన ఎవరు

సున్నం రాజయ్య గారిది వి.ఆర్.పురం మండలం సున్నంవారిగూడెం. కోయ బిడ్డ. సీపీఎం పార్టీ. ఎస్టీ రిజర్వుడు సీటైన భద్రాచలం నుంచి 1999లో, 2004లో, మళ్ళీ 2014లో, మొత్తం మూడుసార్లు గెలిచారు. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి గారి మీద ఓడిపోయారు. ఆయన కంటే ముందు అదే పార్టీ నుంచి కుంజా బొజ్జి గారు 1985, 1989, 1994లో గెలిచారు. ఆయన కూడా సాదాసీదా మనిషే. అంటే ఎమ్మెల్యే మన పక్కన కూర్చుని బస్సులో రావడం మన వాళ్ళకి వింత కాదు. హైదరాబాద్ పేపర్లకి అది వింత.

పెద్దోళ్ళని అడిగితే అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. మా రూంలో ఒకడి తాత అన్నది: "పనుంటే భద్రాచలం పోయేవాళ్ళం. పార్టీ ఆఫీసులో ఉంటే కనిపించేవాడు, లేకపోతే బస్టాండులో కనిపించేవాడు. కాగితం ఇస్తే చదివి, ఏ ఆఫీసుకి పోవాలో చెప్పేవాడు." ఇంకొకడి అమ్మమ్మ ఇంకా చిన్నగా చెప్పింది: "మన మాట్లో మాట్లాడేవాడు." అంటే కోయ మాటలో.

మేము అనుకున్నది ఏమంటే, ఈ రెండు మాటల్లోనే పని సంగతి ఉంది. ఏజెన్సీలో సర్కారు సేవ అంటే ఏంటి? పోడు పట్టా, రేషన్ కార్డు, పింఛను, కుల సర్టిఫికెట్, బోరు, రోడ్డు, స్కూల్లో మాస్టారు, పీహెచ్‌సీలో డాక్టరు. ఇవన్నీ చట్టం ప్రకారం మనకి రావాల్సినవే. ఎవరూ జేబులోంచి ఇచ్చేవి కావు. కానీ అవి రావాలంటే ఒక కాగితం గూడెం నుంచి మండలానికి, మండలం నుంచి ఐటీడీఏకి, అక్కడి నుంచి ఇంకా పైకి నడవాలి. మన తాతలకి చదువు లేదు, ఆఫీసు భాష రాదు. కాబట్టి కాగితం ఎక్కడ ఆగిందో అడిగే మనిషి కావాలి. చివరికి ఆ ప్రశ్న అసెంబ్లీలో కూడా అడిగే మనిషి కావాలి. ఎమ్మెల్యే అంటే మన వాళ్ళకి ముందుగా అదే.

ఆయన రెండోసారి ఎమ్మెల్యేగా ఉన్నప్పుడే, 2006లో, అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసైంది. అప్పటిదాకా పోడు అంటే ఫారెస్టు వాళ్ళ కేసులు. ఆ తర్వాత పోడు అంటే దరఖాస్తు, గ్రామసభ, హద్దుల సర్వే. కొట్లాటతో పాటు కాగితం పని కూడా వచ్చింది. పోడు పట్టాల కోసం, పోలవరం ముంపుకి వ్యతిరేకంగా మన వైపు జరిగిన ఉద్యమాల్లో ఆయన ముందున్నారు.

ఇక్కడిదాకా చెప్తే మా రంపచోడవరం తమ్ముడు అన్నాడు, "ఇదంతా మంచి ఎమ్మెల్యే ఎవరైనా చేస్తారు కదా." నిజమే. అసలు కథ 2014లో మొదలవుతుంది.

నెల రోజులు

తేదీలు వరసగా చూడండి.

2014 ఏప్రిల్ 30న మన వాళ్ళు ఓటేశారు. మే 16న లెక్కింపు. రాజయ్య గారు గెలిచారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఓట్లు, చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు, భద్రాచలం ఓట్లు అన్నీ కలిపితే వచ్చిన గెలుపు అది. మే 29న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. జూన్ 2న రెండు రాష్ట్రాలు అయ్యాయి.

విభజన చట్టంలో మొదట పోలవరం ముంపు గ్రామాలనే ఆంధ్రప్రదేశ్‌కి రాశారు. ఆర్డినెన్సుతో దాన్ని మండలాలకి పెంచారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, టౌన్ తప్ప మిగిలిన భద్రాచలం మండలం తూర్పు గోదావరికి పోయాయి. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత భాగం పశ్చిమ గోదావరికి పోయాయి. అప్పటినుంచి అందరూ వీటిని ఏడు మండలాలు, విలీన మండలాలు అంటున్నారు. మే 29న తెలంగాణ బంద్ జరిగింది. జూన్‌లో తెలంగాణ అసెంబ్లీ దీన్ని వద్దని తీర్మానం చేసింది. జూలైలో పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. అయిపోయింది.

మన ప్రాంతం ఐదో షెడ్యూలు ప్రాంతం. మనకి పీసా చట్టం ఉంది. ప్రాజెక్టు కోసం భూమి తీసుకోవాలంటే గ్రామసభని సంప్రదించాలని అందులో ఉంది. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారు అని అడగడానికి మాత్రం మా నలుగురి ఊళ్ళల్లో ఎక్కడా గ్రామసభ పెట్టలేదని పెద్దోళ్ళు చెప్పారు.

ఏప్రిల్ 30న ఓటేసిన మనిషి, దాదాపు నెల రోజుల్లో వేరే రాష్ట్రం వాడయ్యాడు. ఓటు మాత్రం అటే ఉండిపోయింది.

రెండు సభలు, ఒక ముంపు

ఇప్పుడు రాజయ్య గారి పరిస్థితి చూడండి. ఆయన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో. ఆయన కూర్చునే సభ తెలంగాణది. ఆ సభలో సీపీఎంకి ఆయన ఒక్కరే.

మన పరిస్థితి ఇంకా వింత. మన ముంపు, మన ప్యాకేజీ, మన పునరావాస కాలనీ, 41.15 కాంటూరా 45.72 కాంటూరా అనే లెక్క, అన్నీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతిలో. దాని గురించి ప్రశ్న అడగాల్సింది ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో. ఆ అసెంబ్లీలో మనం ఓటేసి పంపిన మనిషి లేడు. మనం ఓటేసిన మనిషి ఉన్న సభకి మన ముంపు మీద అధికారం లేదు.

ఇంకో సంగతి చదివి మేము కాసేపు ఏం మాట్లాడుకోలేదు. 2017లో వెలగపూడికి మారేదాకా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ కూడా హైదరాబాద్‌లోనే, అదే అసెంబ్లీ ఆవరణలోనే జరిగేది. అంటే మూడేళ్ళపాటు మన ఎమ్మెల్యే ఒక హాల్లో, మన మీద నిర్ణయాలు పక్క హాల్లో. మధ్యలో కొన్ని అడుగులు. ఆ అడుగులు వేసి లోపలికి పోయి మాట్లాడే హక్కు ఆయనకి లేదు.

గిరిజన సలహా మండలి సంగతి కూడా అంతే. ఐదో షెడ్యూలు ప్రకారం అందులో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. మన మండలాలకి ఆంధ్రాలో ఎమ్మెల్యేనే లేకపోతే ఆ మండలిలో మన తరఫు ఎవరు? 2019 ఎన్నికల ముందు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాకని రంపచోడవరం నియోజకవర్గంలో, కుక్కునూరు, వేలేరుపాడుని పోలవరం నియోజకవర్గంలో కలిపేదాకా ఇదే పరిస్థితి. ఐదేళ్ళు.

ఆ ఐదేళ్ళు ఇళ్ళల్లో ఎలా ఉన్నాయంటే, మా రూంలో ఒకడి నానమ్మకి ఆ మొదటి ఏడాది కొన్ని నెలలు పింఛను రాలేదు. ఇక్కడి ఆఫీసులో అడిగితే మీ లిస్టు అక్కడి నుంచి రాలేదన్నారు. అక్కడికి పోయి అడిగితే మీరిప్పుడు ఆంధ్ర అన్నారు. ముసలామె బస్సు చార్జీలకే పింఛనంత ఖర్చు పెట్టింది. ఇంకొకడు ఆరు నుంచి పది దాకా భద్రాచలంలో చుట్టాలింట్లో ఉండి చదివాడు. కౌన్సెలింగ్‌కి పోతే, ఊరు ఆంధ్ర, చదువు తెలంగాణ, నువ్వు నాన్‌లోకల్ అన్నారు. వాడు పుట్టి పెరిగిన గూడెం నుంచి ఇల్లు కదల్లేదు. వాడి కులం మారలేదు, భాష మారలేదు. నాన్‌లోకల్ అయ్యాడు. కోరుకున్న కోర్సు రాలేదు, వచ్చింది తీసుకున్నాడు. ఇప్పుడు మా పక్క మంచం మీద ఉన్నాడు.

ఈ ఐదేళ్ళలో 2018 దాకా రాజయ్య గారు తెలంగాణ ఎమ్మెల్యే. ఆంధ్ర ఆఫీసుల్లో ఆయన మాటకి ఎమ్మెల్యే హోదా లేదు. అక్కడి ఎమ్మెల్యే నిధి ఇక్కడి గూడెంలో ఖర్చు పెట్టే దారి లేదు. తన సొంతూరికి తాను ఎమ్మెల్యే కాదు. ఆయన కావాలంటే ఈ మండలాలని మర్చిపోయి అటు ఉన్న మండలాలే చూసుకోవచ్చు. మళ్ళీ గెలవాలంటే అదే తెలివైన పని, ఎందుకంటే ఇటు వాళ్ళ ఓటు ఇక ఆయనకి రాదు. కానీ ఆయన విలీనం గురించి, ముంపు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఇల్లు కూడా మార్చలేదు, సున్నంవారిగూడెంలోనే.

2019, 2020

2018 డిసెంబర్ తెలంగాణ ఎన్నికల్లో ఆయన భద్రాచలం నుంచి నిలబడలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో, రంపచోడవరం నుంచి పోటీ చేశారు. ముంపు గురించి ఏ సభలో అడగాలో ఆ సభకి పోదామని అయి ఉంటుంది, ఇది మా ఊహ. ఓడిపోయారు. వైఎస్సార్‌సీపీ నుంచి నాగులపల్లి ధనలక్ష్మి గారు గెలిచారు.

మా రంపచోడవరం తమ్ముడు ఇక్కడ నిజం చెప్పాడు. "మా వైపు ఆయన ఎవరో తెలీదన్నా. మారేడుమిల్లి ఘాట్ అటు మీరు, ఇటు మేము." మాకు అది కష్టంగా అనిపించినా ఒప్పుకున్నాం. ఇరవై ఏళ్ళు తిరిగి సంపాదించుకున్న పరిచయం చాలావరకు సరిహద్దు అవతల ఉండిపోయింది. నియోజకవర్గం మారడం అంటే ఓటరుకి బూత్ మారడం ఒక్కటే కాదు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తెలిసినతనం పోతుంది. దాన్ని మళ్ళీ కట్టుకోడానికి ఇంకో ఇరవై ఏళ్ళు కావాలి.

ఆయనకి ఆ ఇరవై ఏళ్ళు లేవు. 2020లో కరోనా వచ్చింది. ఆగస్టు 3 రాత్రి విజయవాడలో చికిత్స పొందుతూ చనిపోయారు.

మరి ఏం వచ్చింది?

మళ్ళీ మొదటి ప్రశ్నకి వద్దాం. బస్సులో తిరిగితే మనకేం వచ్చింది?

మేము నిజాయితీగా చెప్పాలి. ఆయన విలీనాన్ని ఆపలేకపోయారు. పోలవరం ముంపుని ఆపలేకపోయారు. ఒక్క ఎమ్మెల్యే ఆపగలిగేది కూడా కాదు. ఆయన పార్టీ మీద, ఆయన మీద వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు ఈ గ్రూపులోనే ఉంటారు. అది వాళ్ళ హక్కు.

కానీ మాకు అర్థమైంది ఇది. బస్సులో తిరగడం గొప్ప కాదు. బస్సులో తిరిగే మనిషిని అడగడం తేలిక, అసలు సంగతి అది. కారు అద్దం దించమని బతిమాలే పని లేదు, పీఏ నంబరు అక్కర్లేదు. చదువు లేని ముసలి మనిషి కూడా తన భాషలో, పక్క సీట్లో కూర్చుని, "నా పట్టా ఏమైంది" అని అడగొచ్చు. 2014 తర్వాత మనం పోగొట్టుకున్నది అదే. ఆఫీసులు తగ్గలేదు. చింతూరులో మనకి వేరే ఐటీడీఏ కూడా పెట్టారు. కానీ ఎవరిని అడగాలి అన్నది ఐదేళ్ళు ఎవరికీ తెలీలేదు.

అది అక్కడితో ఆగలేదు కూడా. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ జిల్లా మార్చారు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. పేరు మనకి గర్వమే. కానీ అప్పుడు వి.ఆర్.పురం మనిషి పాడేరు కలెక్టరాఫీసుకి పోయి రావాలంటే ఒక రోజులో అయ్యే పని కాకుండా పోయింది. అదే ఏడాది జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత మన వాళ్ళు అంత నీళ్ళు చూడలేదు. శబరి వెనక్కి తన్నింది, కూనవరం, వి.ఆర్.పురం మునిగాయి. మా ఇళ్ళవాళ్ళు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. మాకప్పుడు పదిహేడేళ్ళు. పడవ ఎప్పుడొస్తది, బియ్యం ఎప్పుడొస్తాయి అని పెద్దోళ్ళు మమ్మల్ని అడిగారు, ఎందుకంటే చదువుకున్నది మేమే, ఫోను ఉన్నది మా దగ్గరే. మేము ఎవరికి చెయ్యాలో తెలీక చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాం.

రాజయ్య గారి కథ రాస్తుంటే ఆ గుట్ట గుర్తొచ్చింది. తాతల కాలంలో కాగితం చదివి ఏ ఆఫీసుకి పోవాలో చెప్పడానికి ఎమ్మెల్యే కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని చెయ్యడానికి ప్రతి గూడెంలో ఇంటర్, డిగ్రీ చదివిన పిల్లలు ఒకరిద్దరు ఉన్నారు. సభలో మాట్లాడే మనిషి ఎలాగూ కావాలి. దానికోసం ఎన్నికలప్పుడు ఎవరు వచ్చినా ముంపు గురించి, నాన్‌లోకల్ సమస్య గురించి మనమే ముందు అడగాలి. కానీ పింఛను ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి, పోడు దరఖాస్తు రసీదు దాచి పెట్టడానికి, గ్రామసభ రిజిస్టర్‌లో ఏం రాశారో సంతకం పెట్టే ముందు చదివి వినిపించడానికి మనం సరిపోతాం.

దసరా సెలవులకి మేము ఆరుగురం ఒక పని అనుకున్నాం. ఊరికి పోయినప్పుడు ఒక్కో ఇంటికి తిరిగి, పింఛను, పట్టా, ప్యాకేజీ, సర్టిఫికెట్, ఏది ఆగితే అది ఒక నోట్‌బుక్‌లో రాస్తాం. ఏ ఆఫీసులో, ఏ తేదీన ఇచ్చారో కూడా రాస్తాం. రంపచోడవరం తమ్ముళ్ళు కూడా వాళ్ళ ఊళ్ళల్లో రాస్తామన్నారు. ప్రశ్న అడిగిన తమ్ముడే ముందు నోట్‌బుక్ కొన్నాడు.

మీ ఊళ్ళల్లో కూడా చెయ్యండి. అలాగే మీ తాతలు, నానమ్మలు 1986 వరద గురించి, పోడు కేసుల గురించి, బొజ్జి గారు, రాజయ్య గారి కాలం గురించి ఏం చెప్తారో అడిగి గ్రూపులో పెట్టండి. వాళ్ళు పోతే మళ్ళీ అడగలేం. మేము రాసిన దాంట్లో ఏదైనా తప్పు ఉంటే పెద్దన్నలు, పెద్దక్కలు కింద చెప్పండి, సరిచేసుకుంటాం.

జై ఆదివాసీ.